ఇంట్లో కుట్టు పని, చిన్న చిన్న లక్ష్యాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిషన్ కొన్నాను. ముందు జాకెట్టు కుట్టడం నేర్చుకోనా?

వద్దు. మన ఇళ్ళలో మిషన్ కొనేది చాలావరకు జాకెట్టు కోసమే. దర్జీకి ఇచ్చే కూలి మిగులుతుందన్న లెక్కలోనూ తప్పు లేదు. కానీ ఇంట్లో కుట్టుకునే బట్టల్లో జాకెట్టంత మొండిది మరొకటి ఉండదు. డాట్లు (ఒంటి ఆకారానికి పట్టేలా వేసే మడత కుట్లు), చంక వంపు, చేతులు ఎక్కించడం, హుక్కుల పట్టీ, మెడకు పైపింగు, ఇవన్నీ ఒకేసారి వచ్చి ఉండాలి. అర అంగుళం అటూ ఇటూ అయితే ఒంటికి పట్టదు. మొదటి ముక్క పాడైందంటే మనసు విరిగి, మిషన్ మీద దుప్పటి కప్పేస్తారు. చాలా ఇళ్ళలో మిషన్ మూలపడేది ఇందుకే.

తిన్నని కుట్లతో అయిపోయే వాటితో మొదలుపెట్టండి: చేతి రుమాలు, దిండు గలీబు, గుడ్డ సంచి. వీటిలో అర అంగుళం తేడా వచ్చినా పారేయక్కర్లేదు, వాడుకోవచ్చు. వాడుకునే వస్తువు చేతిలో కనబడుతుంటే ఇంకోటి కుట్టాలన్న హుషారు దానంతట అదే వస్తుంది.

చిన్న లక్ష్యం అంటే ఎంత చిన్నది?

ఒక పూటలో అయిపోవాలి. అందులో కొత్త పని ఒక్కటే ఉండాలి. అయిందో లేదో టేపు పెట్టి తేల్చగలగాలి. "ఈ ఏడాది కుట్టు నేర్చుకుంటాను" అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "ఆదివారం లోపు 20 అంగుళాల గుడ్డ మీద, అంచుకు అర అంగుళం లోపల, వంకర పోకుండా నాలుగు కుట్లు వేస్తాను" అనుకుంటే కూర్చున్న వెంటనే చేతికి పని దొరుకుతుంది.

మేము చెప్పే వరస ఇది. ముందు రూళ్ళ కాగితం మీద దారం లేకుండా కుట్టండి. సూది రంధ్రాలు గీత మీద పడుతున్నాయో లేదో కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తెలిసిపోతుంది. దీనికి పాత సూది వాడండి, కాగితం సూదిని మొద్దుబారుస్తుంది. తర్వాత చతురస్రాలు గీసి మూలలు తిప్పడం: మూలకు రాగానే సూదిని గుడ్డలో దించి ఉంచి, ఫుట్ (గుడ్డను పైనుంచి నొక్కి పట్టే పాదం) పైకెత్తి, గుడ్డను తిప్పి, ఫుట్ దించాలి. సూది పైన ఉండగా తిప్పితే మూల దగ్గర కుట్టు జారుతుంది. ఆ పైన నాలుగు వైపులా మడత కుట్టిన రుమాలు, గలీబు, సంచి, చీర ఫాల్, పాపకు ఎలాస్టిక్ లంగా, పాత జాకెట్టుకు పక్క కుట్లు సరిచేయడం. అన్నిటికంటే చివరికి కొత్త జాకెట్టు. ఒక్కో మెట్టుకు వారం పట్టినా రెండు వారాలు పట్టినా పరవాలేదు.

కుట్టేటప్పుడు సూదినే చూస్తూ ఉండకండి, కుట్టు వంకర పోయేది అందుకే. సూదికి కుడివైపు సరిగ్గా అర అంగుళం దూరంలో, మిషన్ ప్లేటు మీద రంగు టేపు ముక్క అతికించండి. గుడ్డ అంచు ఆ టేపు వెంట నడుస్తుందో లేదో చూసుకుంటే చాలు, కుట్టు తిన్నగా పడుతుంది.

ఏ మిషన్ అయితే బాగుంటుంది?

ఇంట్లో అమ్మమ్మ కాలం నాటి నల్ల మిషన్ ఉంటే అదే చాలు. తిన్నని కుట్టు మాత్రమే వేసినా, దాని కుట్టు గట్టిది. మొదట్లో కాలి మిషన్ ఒక రకంగా నయం, మనం తొక్కినంత నెమ్మదిగానే నడుస్తుంది. మొదలుపెట్టేటప్పుడు చక్రాన్ని చేత్తో మన వైపుకు తిప్పి, ఆ తర్వాతే తొక్కాలి. చక్రం వెనక్కి తిరిగితే దారం లోపల చిక్కుపడి తెగుతుంది.

ఏళ్ళ తరబడి అటక మీద ఉన్న మిషన్ అయితే పాత నూనె జిగురులా గట్టిపడి ఉంటుంది. కిరోసిన్ రెండేసి చుక్కలు నూనె రంధ్రాల్లో వేసి, దారం లేకుండా కాసేపు తిప్పి, నల్లగా వచ్చే మడ్డిని తుడిచేయండి. తర్వాత మిషన్ నూనె ఒక్కో చుక్క చొప్పున వేయండి. కొబ్బరి నూనె, వంట నూనె మాత్రం ఎప్పుడూ వద్దు, అవి గడ్డకట్టి మిషన్‌ను బిగించేస్తాయి. నూనె వేసిన రోజు ముందు పాత గుడ్డ మీద కుట్టాలి, లేకపోతే కొత్త బట్ట మీద మరకలు పడతాయి. తోలు బెల్టు సాగి జారుతుంటే కొద్దిగా కోసి మళ్ళీ క్లిప్పు వేస్తే సరిపోతుంది.

పికో చేసుకోవాలి, పోగులు ఊడకుండా అంచులు కుట్టుకోవాలి అనుకుంటే జిగ్‌జాగ్ ఉన్న మోటారు మిషన్ కొనుక్కోవచ్చు. చేత్తో పట్టుకుని నొక్కే చిన్న బొమ్మ మిషన్లు మాత్రం కొనకండి. అవి ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తాయి. ఒక చివర లాగితే కుట్టంతా ఊడి చేతికి వస్తుంది.

మిషన్ కాక ఇంకేం కావాలి?

గుడ్డకు మాత్రమే వాడే 9 లేదా 10 అంగుళాల కత్తెర, దారం కోసే చిన్న కత్తెర, టేపు, మార్కింగ్ చాక్, గుండు సూదులు, కుట్లు విప్పే రిప్పర్, ఐదారు బాబిన్లు (కింది దారం చుట్టుకునే చిన్న చక్రాలు), ఇస్త్రీ పెట్టె. గుడ్డ కత్తెరను కాగితం కోయడానికి ఇంట్లో ఎవరికీ ఇవ్వకండి.

మిషన్ సూదుల్లో 11, 14, 16 నంబర్లు ఉంచుకోండి. పట్టు, జార్జెట్ లాంటి పల్చని వాటికి 11, మామూలు నూలు బట్టకు 14, జీన్స్ లాంటి మందపాటి వాటికి 16. దాదాపు 8 గంటలు కుట్టాక సూది మార్చేయాలి. సూది విరిగేదాకా ఆగేవాళ్ళే ఎక్కువ, కానీ అప్పటికే అది గుడ్డ పోగుల్ని లాగేస్తూ ఉంటుంది. ఇంటి మిషన్ సూదికి తల దగ్గర ఒక పక్క చదునుగా, రెండో పక్క పొడుగాటి గాడి ఉంటాయి. దారం ఎప్పుడూ గాడి ఉన్న వైపు నుంచి ఎక్కించాలి.

గుడ్డ కింద దారం ఉండలు ఉండలుగా పడుతోంది. బాబిన్ పాడైందా?

అందరూ ముందు బాబిన్‌నే తప్పుపడతారు. కింద ఉండలు పడితే తప్పు దాదాపు ఎప్పుడూ పై దారానిదే. పై దారానికి బిగువు చాలక అది కిందికి జారి ఉండలు కడుతుంది. ఎక్కువసార్లు జరిగేదేమిటంటే, ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తారు. అప్పుడు పై దారాన్ని నొక్కి బిగువుగా ఉంచే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి కనుక దారం వాటి మధ్యకు దిగదు. ఫుట్ పైకెత్తి, దారం మొత్తం తీసేసి, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించండి. పదింట తొమ్మిదిసార్లు అక్కడితో సరిపోతుంది.

అయినా తగ్గకపోతే ఇలా చేసి చూడండి. పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం వేసి, రెండు మడతల నూలు బట్ట మీద జానెడు పొడవున కుట్టండి. సరైన కుట్టయితే పైన ఎరుపే, కింద తెలుపే కనిపిస్తాయి, ముడి రెండు మడతల మధ్య దాగిపోతుంది. కింది వైపు తెలుపు మధ్యలో ఎర్ర చుక్కలు కనబడితే పై దారం వదులుగా ఉంది, టెన్షన్ మరను కుడికి కొద్దిగా తిప్పాలి. పై వైపు తెల్ల చుక్కలు కనబడితే పై దారం బిగుసుకుపోయింది, ఎడమకు తిప్పాలి. ఒకేసారి మొత్తం తిప్పేయకుండా పావు చుట్టు తిప్పి మళ్ళీ కుట్టి చూడండి. బాబిన్ కేసు మీది చిన్న మర జోలికి మాత్రం అన్నీ అయ్యాకే వెళ్ళాలి.

ఈ గుడ్డ ముక్కల మీద ఏ టెన్షన్‌కు ఎలా పడిందో రాసి దాచుకోండి. పుస్తకం చదివి తెలుసుకునేదానికంటే ఇది బాగా గుర్తుంటుంది.

కుట్టు మధ్యలో తప్పుతోంది, సూదులు విరుగుతున్నాయి, గుడ్డ ముడుచుకుంటోంది. ఎందుకు?

కుట్టు తప్పితే సూదిని అనుమానించండి. వంగి ఉండొచ్చు, మొద్దుబారి ఉండొచ్చు, పైదాకా ఎక్కకుండా మర బిగించి ఉండొచ్చు, తిరగేసి పెట్టి ఉండొచ్చు. సూది విరుగుతుంటే మీరు గుడ్డను వెనక నుంచి లాగుతున్నారని అర్థం. గుడ్డను ఫుట్ కింద ఉండే పళ్ళే నడిపిస్తాయి, చేతుల పని దారి చూపించడమే. పల్చని గుడ్డ ముడుచుకుంటే సూది 11కు మార్చి, టెన్షన్ కొంచెం వదులు చేసి, కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లకు తగ్గించండి. మామూలు నూలు బట్టకు 2.5 సరిపోతుంది, అంగుళానికి 10 కుట్లు పడతాయి. గుడ్డ అసలు కదలకపోతే ప్లేటు విప్పి పళ్ళ సందుల్లో పేరుకున్న నూగును బ్రష్‌తో తీయండి.

దిండు గలీబుకు కొలతలు, కుట్టే పద్ధతి చెప్పండి.

మన బజార్లో మామూలుగా దొరికే దిండు 17×27 అంగుళాలు. గలీబు 18×28 ఉంటే దిండు హాయిగా దూరుతుంది. 44 అంగుళాల పన్నా ఉన్న నూలు బట్ట ఒకటిముప్పావు మీటరు కొంటే రెండు గలీబులు వస్తాయి. కోసే ముందు తడిపి ఆరేసి ఇస్త్రీ చేయాలి.

ఒక్కో గలీబుకు 19 అంగుళాల వెడల్పు, 65.5 అంగుళాల పొడవు ఉన్న ఒకే ముక్క కోయండి. లెక్క ఇది: ముందు వైపు 28, వెనక వైపు 28, దిండును కప్పే మూత 7, రెండు చివర్ల మడతలకు 1.25 చొప్పున 2.5. వెడల్పులో పక్క కుట్లకు అర అంగుళం చొప్పున పోతుంది.

ముందు రెండు పొట్టి చివర్లను పావు అంగుళం, ఆపైన 1 అంగుళం లోపలి వైపుకు మడిచి కుట్టండి. తర్వాత బట్ట మంచి వైపు పైకి కనిపించేలా నేల మీద పరచండి. ఒక చివర నుంచి 28 అంగుళాలు మడిచి మీదికి తెండి. రెండో చివర మిగిలిన 7 అంగుళాలను దాని పైకి మడవండి. ఈ క్రమం ముఖ్యం. మూతను ముందు మడిచి, పెద్ద భాగాన్ని దాని మీద వేస్తే, తిరగేశాక మూత బయటికి వస్తుంది. గుండు సూదులు గుచ్చి, రెండు పక్కలా అర అంగుళం లోపల కుట్టండి. మొదట్లో, చివర్లో నాలుగైదు కుట్లు వెనక్కి వేసి బిగించాలి. జిగ్‌జాగ్ లేని మిషన్ అయితే మొదటి కుట్టుకు బయటి వైపు, అంచుకు పావు అంగుళం దూరంలో ఇంకో కుట్టు వేస్తే పోగులు అక్కడితో ఆగుతాయి.

తిరగేసే ముందు మూసిన వైపు రెండు మూలల్లో మిగులు గుడ్డను కుట్టుకు తగలకుండా ఏటవాలుగా కోసేయండి. కోయకపోతే మూలలో గుడ్డ గుట్టపడి గుండ్రంగా వస్తుంది. తిరగేశాక పెన్సిల్ మొద్దు వైపుతో మూలను లోపలి నుంచి మెల్లగా నెట్టాలి. కత్తెర మొనతో నెడితే చిరుగుతుంది.

పాత చీరలతో, ప్యాంట్లతో ఏం కుట్టొచ్చు?

ప్యాంటు కాళ్ళ గుడ్డ సంచికి చాలా బాగుంటుంది, చిన్న ముక్కలైతే అతికి వాడుకోవచ్చు. 16 అంగుళాల వెడల్పు, 35 అంగుళాల పొడవు ముక్క సగానికి మడిస్తే, పైన ఒకటిన్నర అంగుళం మడతలు పోను 15×16 సంచి వస్తుంది. పట్టీలకు 4 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ముక్కలు రెండు. వాటిని నాలుగు మడతలు పెట్టి అంగుళం పట్టీగా కుట్టండి. సంచి చిరిగేది పట్టీ అతికిన చోటే. అక్కడ అంగుళం చదరపు పెట్టె కుట్టి, లోపల మూల నుంచి మూలకు గుణకారం గుర్తులా మళ్ళీ కుట్టండి. నాలుగు మడతల జీన్స్ మీద మోటారు తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పితే 16 నంబరు సూది కూడా విరగదు.

మెత్తబడిన నూలు చీరలుంటే బొంత కుట్టండి. మిషన్ అక్కర్లేదు. ఐదున్నర మీటర్ల చీర మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు వస్తుంది. రెండు చీరలతో ఆరు పొరలు, ఒక మనిషికి సరిపడే బొంత. నేల మీద పరిచి, ముడతలు నెట్టేసి, ముందు నడిమధ్య నుంచి నాలుగు వైపులకూ పెద్ద టాకాలు వేయండి. అసలు కుట్టు కూడా మధ్య వరస నుంచే మొదలవ్వాలి. అంచు నుంచి మొదలుపెడితే పొరలు జరుగుతూ వెళ్ళి రెండో అంచు దగ్గర గుడ్డ పొంగుతుంది. అప్పుడు విప్పడం తప్ప వేరే దారి లేదు. వరసకూ వరసకూ ఒకటిన్నర అంగుళం ఉంటే దాదాపు 30 వరసలు పడతాయి. రోజుకు నాలుగు వరసలు అనుకుంటే ఎనిమిది రోజుల పని. చిన్న లక్ష్యానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ మాకు కనబడలేదు: ఎంత అయిందో, ఎంత మిగిలిందో కళ్ళ ముందే పరుచుకుని ఉంటుంది.

చీర ఫాల్ నేనే వేసుకోవచ్చా?

తప్పకుండా. ఫాల్‌ను ముందు నీళ్ళలో గంటసేపు నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. తడపకుండా వేస్తే మొదటి ఉతుకుకే కుంచించుకుని చీర అంచును ముడుతలు పెడుతుంది. నడుంలో దోపుకునే కొంగు దగ్గర జానెడు వదిలి, చీర లోపలి వైపున, కింది అంచుకు ఒకటి రెండు పోగుల లోపలగా పెట్టండి. సరిగ్గా అంచుకే పెడితే బయటికి తొంగి చూస్తుంది. కింది వైపు నూలు చీరకు మిషన్ కుట్టు వేయొచ్చు, పట్టుకు చేతి కుట్టే నయం. పై వైపు మాత్రం ఏ చీరకైనా చేత్తోనే: చీరలో ఒకటి రెండు పోగులు మాత్రమే సూదికి తీసుకుంటూ, అర అంగుళం దూరంలో కుట్లు వేయాలి. దారం చీర రంగుకు సరిపోవాలి, ఫాల్ రంగుకు కాదు. ఫాల్‌ను లాగి పట్టకుండా కొంచెం వదులుగా నడిపించండి. ఒకే విడతలో పూర్తి చేయాలని పట్టుబడితే మెడ పట్టేస్తుంది, కింది అంచు ఒక రోజు, పై అంచు ఇంకో రోజు పెట్టుకోండి.

పాపకు లంగా కుట్టాలని ఉంది.

ఎలాస్టిక్ లంగా సులువు. నడుం చుట్టుకొలతకు రెట్టింపు వెడల్పు గుడ్డ, ఎలాస్టిక్ మాత్రం నడుం కంటే 2 అంగుళాలు తక్కువ. పై మడత ఎలాస్టిక్ వెడల్పు కంటే పావు అంగుళం ఎక్కువ ఉండాలి, లేకపోతే లోపల మెలిపడుతుంది. కింద రెండు అంగుళాల మడత ఉంచితే ఏడాది తర్వాత విప్పి పొడవు పెంచుకోవచ్చు.

బట్ట కొనేటప్పుడు ఏం చూడాలి?

నేర్చుకునే రోజుల్లో కట్‌పీసులు కొనండి. మరీ పల్చగా, జారిపోయేలా ఉండకూడదు. చేనేత నూలు బట్ట, మంగళగిరి లాంటిది, చేతికి పట్టు దొరుకుతుంది, మడత పెడితే మడత నిలుస్తుంది. పడుగు (నిలువు) పోగుల వెంట లాగితే బట్ట సాగదు, పేక (అడ్డం) వెంట కొంచెం, ఏటవాలుగా బాగా సాగుతుంది. సంచి పట్టీలు పడుగు వెంట కోయాలి, మెడకు వేసే క్రాస్ పీసు ఏటవాలుగా కోయాలి.

పెడన కలంకారీ లాంటి ముదురు రంగుల అచ్చు బట్టను తెల్ల గుడ్డతో కలిపి కుట్టేముందు తడిసిన తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే నీళ్ళు తేటపడేదాకా విడిగా ఉతకాలి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందన్న నమ్మకం మీద మాత్రం ఆధారపడొద్దు.

సగంలో ఆపేసినవి గుట్టలుగా ఉన్నాయి. ఏం చేయాలి?

అన్నీ బయటికి తీయండి. ఒక్కో దానికి చీటీ రాసి గుచ్చండి: "పక్క కుట్టు మిగిలింది", "హుక్కులు కుట్టాలి", "చేయి ఎక్కలేదు". గంటలో అయ్యేవి ఒక వైపు పెట్టి, వారానికి ఒకటి పూర్తి చేయండి. ఎక్కడ ఆగిపోయారో చీటీల్లో కనబడుతుంది. మూడు వస్తువులు చేయి ఎక్కించే దగ్గరే ఆగితే, తర్వాతి లక్ష్యం ఏమిటో తెలిసిపోయినట్టే: పాత గుడ్డ మీద రెండు చేతులు ఎక్కించడం. ఇక పూర్తి చేయాలని లేనివి విప్పేసి గుడ్డను సంచులకు వాడండి. అందులో తప్పేమీ లేదు.

గుడ్డ కోయడం ఒక రోజు, కుట్టడం ఇంకో రోజు పెట్టుకుంటే అలసట ఉండదు. రాత్రి పదింటికి కోసిన గుడ్డే ఎక్కువగా పాడవుతుంది. ప్రతి కుట్టు తర్వాతా ఇస్త్రీ చేయండి. కుట్టిన వస్తువుకు కొట్లో కొన్న కళ వచ్చేది ఇక్కడే. మొదట్లో అందరూ వదిలేసేదీ ఇదే.

అమెరికాలో ఉంటాం. ఇండియా నుంచి మిషన్ తెచ్చుకోవచ్చా?

మన మోటారు 230 వోల్టులకు చేసింది, అక్కడి ప్లగ్గులో వచ్చేది 120. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా సరిగా నడవదు. అక్కడే కొనుక్కోవడం మేలు. గుడ్డ గజాల్లో అమ్ముతారు, గజం అంటే 36 అంగుళాలు, మీటరు కంటే దాదాపు మూడున్నర అంగుళాలు తక్కువ. ఇండియాలో కుట్టించుకునే జాకెట్లకు లోపల అంగుళం మార్జిన్ వదలమని చెప్పండి. పక్క కుట్టు విప్పి వదులు చేసుకోవడం ఒక్కటి నేర్చుకుంటే దర్జీ దొరకని ఊళ్ళో చాలా అవసరాలు తీరతాయి.

మరి జాకెట్టు ఎప్పుడు?

మూల తిప్పడం, చేతి హెమ్మింగ్, పైపింగు, పాత జాకెట్టు పక్క కుట్లు సరిచేయడం, ఈ నాలుగూ తడబడకుండా వస్తే మొదలుపెట్టండి. బాగా పట్టే ఆది జాకెట్టు ఒకటి ఎంచుకుని, సాదా నాలుగు డాట్లది, లైనింగ్ లేకుండా, పాత చీర గుడ్డతో కుట్టండి. అది తొడుక్కోవడానికి కాదు, కొలత చూసుకోవడానికి. పక్కల 1 అంగుళం మార్జిన్ వదలండి. చేతులు కోసేటప్పుడు ముందు వైపు చంక వంపు వెనక వైపు కంటే అర అంగుళం లోతుగా ఉంటుంది. రెండు చేతుల మీదా ముందు వైపున చాక్‌తో "ము" అని రాసుకోండి. లేకపోతే రెండూ ఒకే చేతికి తయారవుతాయి. నేర్చుకునేవాళ్ళు చేసే తప్పుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. తొడిగి చూసి, ఎక్కడ పట్టేసిందో, ఎక్కడ వదులైందో ఆ గుడ్డ మీదే చాక్‌తో గీసుకోండి. అసలు ముక్కను, లైనింగ్‌ను తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాక, ఆ గీతల ప్రకారం కోయండి.